1792: పరసేనలు మరలిన త్రోవ

మైసూరు యుద్ధములు టిప్పుకును ఇంగ్లీషువారికిని నడచిన తగవులే యనియు, తెలుగువారికి వానితో సంబంధము లేదనియు తలచువారు మనలో గలరు. 1767 మొదలు 1799 వఱకు నాలుగు మాఱులు ఈ పోరు రగిలినది. మూడవ పర్యాయము ఈ సీమను త్రొక్కిన సేనలలో నిజాము సేన యొకటి. అది తెలుగునాట గండికోటను, పిమ్మట గుఱ్ఱంకొండను ముట్టడించిన సేనయే.

దొడ్డబళ్ళాపురమునకు పరసేనల రాకపోకలు క్రొత్త గావు. 1761లో హైదరాలీ ఈ కోటను గొన్నపుడు దీని నేలిన అబ్బాసు కులీఖాను తల్లిని సైతము విడిచి పాఱిపోయెను. పసితనమున తన్ను హింసించినవాఁడు అతఁడే యైనను, హైదరు ఆ తల్లిని గౌరవించెనఁట. కొన్నేండ్లకు హైదరు సేన చెన్నపట్టణమును సమీపింపఁగా, అచటనున్న ఖాను ఓడ యెక్కి, సేన మరలువఱకు దిగలేదని విల్క్సు వ్రాసెను. భయమునకు జ్ఞాపకశక్తి మెండు!

1791 మార్చి 21 రాత్రి కారన్‌వాలీసు బెంగుళూరు కోటను పట్టెను. పిదప ఉత్తరముగా నడచెను. దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురము లోఁబడినవి. ఏప్రిలులో నిజాము ఆశ్వికులు పదివేలమంది వచ్చి కలిసిరి. యుద్ధమున వారివలన కలిగిన మేలు స్వల్పము. గడ్డికిని ధాన్యమునకును కలిగిన కొఱత అధికము. ఈ మాట వ్రాసినవారు వారి మిత్రులైన ఇంగ్లీషువారే. ఆ గుఱ్ఱములు మేసినది ఎవరి చేలు? ఈ రైతులవే. తెలుగు సీమనుండి వచ్చినంత మాత్రమున ఆ దండును మనవారని చెప్పుకొనుట మాకు సమ్మతము గాదు.

మే నెలలో శ్రీరంగపట్టణము చేరియు కోటను ముట్టడింపలేక, పశువులు రోగముతో చావఁగా, పెద్ద ఫిరంగులను తామే పగులఁగొట్టుకొని కారన్‌వాలీసు వెనుదిరిగెను. అక్టోబరు 19న నందిదుర్గము పడినది. మరుసటి ఫిబ్రవరిలో రాజధాని ముట్టడి పడఁగా టిప్పు సంధి కొప్పుకొనెను.

1792 మార్చి 18 నాటి సంధివలన టిప్పు రాజ్యములో సగము పోయినది. కడప, గండికోటలు నిజామునకు దక్కినవి. బెంగుళూరును, మన బళ్ళాపురమును టిప్పు పాలనే నిలిచినవి. మార్చి నెలాఖరున సేనలు మరలసాగెను. కాని మూఁడుకోట్ల ముప్పదిలక్షల రూపాయల దండుగ మిగిలెను. అందు పెద్దపాలు ప్రజలపైననే వసూలు పడినదఁట. సేన పోయినను దాని ఖర్చు ఊరిలోనే ఉండెనన్నమాట. అప్పు తీఱువఱకు పూచీగా టిప్పు కుమారులిద్దఱిని చెన్నపట్టణమునకుఁ గొనిపోయిరి.

ఆ బాలురు తండ్రిని మరలఁ జూచినది 1794 మార్చిలో, మన ఊరికి చేరువనే యున్న దేవనహళ్ళిలో.