ఏ చదువు, ఎవరి ఖర్చుతో? - అంబేడ్కర్ పట్టాల లెక్క

పీజీ సీటొచ్చిన దళిత విద్యార్థి ఇంట్లో ముందు వచ్చే ప్రశ్న ‘ఏం చదువుతావు?’ కాదు. ‘ఎంతవుద్ది? తర్వాత ఉద్యోగం వస్తదా?’ అన్నదే. మనోళ్లకు చదువు మీద ఆసక్తి లేదని దీన్ని చూపి తేల్చేసే పంతుళ్లు ఉన్నారు. ఈ ప్రశ్నకు చరిత్ర ఉందని మేం అంటున్నాం. అంబేడ్కర్ డిగ్రీలు మనకు కంఠతా వచ్చు. వాటి ఖర్చు ఎవరు పెట్టారు, ఏ షరతు మీద పెట్టారు అన్నది మాత్రం జయంతి సభల్లో అంతగా వినపడదు.

1913లో బరోడా సంస్థానం ఆయనకు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లకు స్కాలర్‌షిప్ ఇచ్చింది. బదులుగా పదేళ్లు తమ కొలువు చేయాలని ఒప్పందం రాయించుకుంది. కొలంబియాలో 1915లో ఎం.ఏ. అయింది. 1916లో లండన్ చేరి ఒకేసారి రెండు చోట్ల చేరాడు: అర్థశాస్త్రానికి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో, న్యాయవాద వృత్తికి గ్రేస్ ఇన్‌లో. స్కాలర్‌షిప్ గడువు తీరింది. 1917లో చదువు సగంలో వదిలి రావాల్సి వచ్చింది.

బరోడాలో కొలువు దొరికింది, తలదాచుకోను చోటు దొరకలేదు. కులం తెలియగానే పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. పట్టా ఉద్యోగం తెచ్చింది గానీ ఉద్యోగం గౌరవం తేలేదు. యజమాని అక్కర్లేని వృత్తిగా న్యాయవాదం ఆయనకు ఎందుకంత ముఖ్యమైందో ఇక్కడే అర్థమవుతుందని మేం భావిస్తున్నాం.

1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరి, జీతంలో కూడబెట్టాడు. మిత్రుడు నావల్ భథేనా దగ్గర అప్పు, కొల్హాపూర్ సాహూ మహారాజ్ సాయం తీసుకుని 1920లో మళ్లీ లండన్ వెళ్లాడు. 1921లో ఎం.ఎస్సీ., 1922లో బారిస్టర్, 1923లో డి.ఎస్సీ. అన్నాళ్లూ బొంబాయిలో ఆ లేమి సంసారాన్ని ఈదింది రమాబాయి. ఆమె పడ్డ కష్టం ఏ స్కాలర్‌షిప్ లెక్కలోకీ ఎక్కలేదు. కొలంబియా పిహెచ్.డి. అయితే సిద్ధాంత గ్రంథం 1925లో అచ్చయ్యాకే, 1927లో చేతికొచ్చింది. బారిస్టరయ్యాక కూడా అంటరాని లాయరు దగ్గరికి కేసులు సులువుగా రాలేదు. పాఠాలు చెప్పి ఇల్లు నడుపుకున్నాడు.

ఈ అనుభవం 1942లో ఆయన వైస్రాయ్ ప్రభుత్వానికిచ్చిన విజ్ఞాపన పత్రంలో కనిపిస్తుంది. ఆర్ట్స్, లా చదువులతోనే షెడ్యూల్డ్ కులాలకు పెద్ద మేలు జరగదనీ, సైన్సు, సాంకేతిక విద్య కావాలనీ, అది ఖరీదైంది కాబట్టి ప్రభుత్వమే భరించాలనీ అడిగాడు. 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లు, 1950లలో విదేశీ విద్యా స్కాలర్‌షిప్‌లు వచ్చాయి. ఇవి ఎవరి దయా కాదు, అడిగి సాధించుకున్నవి.

అయితే 2022లో కేంద్ర ప్రభుత్వం, భారత సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధనకు ఆ విదేశీ స్కాలర్‌షిప్ వర్తించదని నిబంధన పెట్టింది. 1916 మే నెలలో కొలంబియా సెమినార్‌లో అంబేడ్కర్ చదివిన వ్యాసం కులం పుట్టుక మీదనే. ఆ నిబంధన అప్పుడే ఉండి ఉంటే?

సైన్సు చదవమని అంబేడ్కర్ అన్నదీ, సమాజాన్ని చదవొద్దని ప్రభుత్వం అన్నదీ ఒకటి కాదు. ఆయన మనకు అందని తలుపు తెరవమన్నాడు. వీళ్లు తెరిచి ఉన్న తలుపు మూశారు. కోర్సు ఎంచుకునేటప్పుడు ఫీజు, ఉద్యోగం చూసుకోవడం తప్పు కాదు, చూసుకోవాల్సిందే. దాంతోపాటు డబ్బిచ్చేవాడు ఏ షరతు పెడుతున్నాడో కూడా చదవాలి. ఆ షరతును ప్రశ్నించే పని ఒక్క విద్యార్థి మీద వదిలేయకుండా మనమంతా చేయాలి.