మిగతా 23 గంటలు

1939 సెప్టెంబరు మొదటి రోజుల్లో బ్రిటన్ నగరాల నుంచి సుమారు 15 లక్షల మందిని పల్లెలకు తరలించారు. వాళ్లలో ఎక్కువమంది బడిపిల్లలు. జర్మనీ బాంబులు పడకముందే వాళ్లను దూరం పంపేయాలన్నది ప్రభుత్వం ఆలోచన. ఒంటిమీద పేరు రాసిన చీటీ, భుజాన గ్యాస్ మాస్కు పెట్టె, చేతిలో బట్టల మూటతో రైలు దిగిన పిల్లల్ని ఊళ్లోవాళ్లు తలా ఒకరినో ఇద్దరినో ఇంటికి తీసుకెళ్లారు. కొద్దిరోజులకే ఫిర్యాదులు మొదలయ్యాయి. అన్నిటికంటే ఎక్కువగా వినిపించింది, పిల్లలు పక్క తడుపుతున్నారని. ఆ తర్వాత దొంగతనాలు, వస్తువులు విరగ్గొట్టడం, ఇంట్లోంచి పారిపోవడం. ఒక ఇంటివాళ్లు మావల్ల కాదంటే ఇంకో ఇల్లు, వాళ్లూ కాదంటే మరో ఇల్లు. చివరికి ఎవరూ ఉంచుకోలేని పిల్లల కోసం హాస్టళ్లు తెరవాల్సి వచ్చింది.

మనసు దెబ్బతిన్న పిల్లలకు వాళ్లుండే ఇల్లే వైద్యం కావాలన్న పద్ధతిని ఇప్పుడు థెరప్యూటిక్ రెసిడెన్షియల్ కేర్ అంటున్నారు. దాని విత్తనాలు ఇంకాస్త పాతవే అయినా, అది నిలదొక్కుకున్నది ఈ యుద్ధకాలపు హాస్టళ్లలోనే. తడిసిన దుప్పట్లు మారుస్తూ, పగిలిన కిటికీలకు అద్దాలు వేయిస్తూ, ఏం చేయాలో పాలుపోని పెద్దవాళ్లు పనిలో పనిగా నేర్చుకున్న విద్య ఇది.

ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో అలాంటి హాస్టళ్లు ఐదు నడిచేవి. లండన్‌లో పిల్లల డాక్టరుగా, మానసిక విశ్లేషకుడిగా పేరున్న డొనాల్డ్ విన్నికాట్ వారానికోసారి అక్కడికి వెళ్లేవారు. రోజువారీ సమస్యలు చూసుకునే సోషల్ వర్కర్ క్లేర్ బ్రిటన్. ఈ ఇద్దరూ తర్వాత 1951లో పెళ్లి చేసుకున్నారు. మొదట్లో తన సలహాలే అక్కడ వైద్యం అనుకున్నారు విన్నికాట్. ఆయన చనిపోవడానికి కొన్ని నెలల ముందు, 1970లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో ఆ భ్రమ ఎలా తొలగిందో వివరించారు. తాను వెళ్లేసరికే వైద్యం జరిగిపోతూ ఉందట. దాన్ని చేస్తున్నది గోడలు, పైకప్పు, పిల్లలు ఇటుకముక్కలు విసరడానికి గురిగా దొరికిన అద్దాల గది, వంటమనిషి, వేళ తప్పకుండా బల్ల మీదికి వచ్చే భోజనం, వెచ్చటి దుప్పట్లు. బిస్టర్ ఊళ్లో హాస్టల్ నడిపిన డేవిడ్ విల్స్‌ని కూడా ఆ జాబితాలో చేర్చారాయన. ఆ ఉపన్యాసం పెట్టింది విల్స్ పేరు మీదే.

విల్స్ ఈ పనికి కొత్తవాడు కాదు. ఆయనకు స్ఫూర్తి హోమర్ లేన్ అనే అమెరికన్. లేన్ 1913లో ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో లిటిల్ కామన్‌వెల్త్ పేరుతో ఒక ఆశ్రమం లాంటిది పెట్టాడు. నేరాలు చేసి పట్టుబడిన అబ్బాయిలు, అమ్మాయిలు అక్కడ తమకు తామే చట్టాలు చేసుకునేవాళ్లు, తమ కోర్టు తామే నడుపుకునేవాళ్లు. లేన్ చెప్పిన సంఘటన ఒకటి ఉంది. కోపంతో ఊగిపోతున్న కుర్రాడు ఒకడు కప్పులు, సాసర్లు పగలగొడుతుంటే లేన్ ఆపలేదు, ఇంకొన్ని అందించాడు. అవీ అయిపోయాక తన గడియారం తీసి ఇచ్చాడు. కుర్రాడి చెయ్యి ఆగిపోయింది. చదవడానికి బాగానే ఉంటుంది గానీ, ఇది అందరికీ సాధ్యమయ్యే పని కాదు. ఆ గడియారం నిజంగా పగిలినా ఇచ్చినవాడు చలించకుండా ఉండగలగాలి.

లేన్ సంస్థ మూతపడిన 1918లోనే, ఆస్ట్రియాలో ఆగస్ట్ ఐకార్న్ అనే స్కూలు టీచరు ఒబెర్‌హొల్లాబ్రున్‌లో పాత శరణార్థి శిబిరం బ్యారక్‌లలో దారి తప్పిన పిల్లల్ని చేరదీశాడు. ఎవరి మాటా వినని 12 మంది మొండి కుర్రాళ్లను ఒక గుంపుగా చేసి, వాళ్లను కొట్టవద్దు, అడ్డుకోవద్దు అని సిబ్బందికి చెప్పాడు. కిటికీలు పగిలాయి, తలుపులు విరిగాయి. కొన్నాళ్లకు ఆ ఉద్రేకం తారస్థాయికి చేరి, అవతల నుంచి దెబ్బలేవీ తిరిగి రాకపోవడంతో ఏడుపులోకి దిగిపోయింది. 1925లో ఆయన ఈ అనుభవాల్ని పుస్తకంగా తెస్తే ముందుమాట రాసింది సిగ్మండ్ ఫ్రాయిడ్.

విన్నికాట్ దారి కొంచెం వేరు. పిల్లవాడి విధ్వంసాన్ని భరించడంతో పాటు, అది పెద్దవాళ్లలో ఏం రేపుతోందో వాడికి తెలియాలన్నారాయన. హాస్టల్ నుంచి పారిపోతున్న తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి విన్నికాట్ దంపతులు మూడు నెలలపాటు సొంత ఇంట్లో ఉంచుకున్నారు. (అప్పటికి ఆయన భార్య క్లేర్ కాదు, ఆలిస్.) పారిపోవాలనిపిస్తే పొమ్మన్నారు, జేబులో ఒక షిల్లింగు పెట్టారు. ఏ పోలీసు స్టేషన్ నుంచి ఫోన్ చేసినా వచ్చి తీసుకెళ్తామన్నారు. పారిపోవడం తగ్గింది, విరుచుకుపడటం ఇంట్లోనే మొదలైంది. అదుపు తప్పినప్పుడు విన్నికాట్ వాణ్ణి ఎత్తి వాకిలి బయట నిలబెట్టేవారు, వానైనా ఎండైనా సరే. ఆ తలుపుకు వాడి కోసమే ఒక గంట ఉండేది. అది మోగిస్తే చాలు, లోపలికి రానిచ్చేవారు. జరిగినదాని గురించి ఒక్క మాట ఎత్తేవారు కాదు. బయట పెట్టిన ప్రతిసారీ మాత్రం, నువ్విలా చేస్తే నాకు నీమీద ద్వేషం పుడుతోందని ఆయన వాడితో చెప్పేవారట. అలా చెప్పబట్టే తాను కొట్టకుండా నిలదొక్కుకోగలిగానని 1947లో తోటి విశ్లేషకుల ముందు ఒప్పుకున్నారు.

నాకు ఈ కథలో అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆ గంటే. తనను బయట పెట్టారు, కానీ వదిలెయ్యలేదు అన్నది పిల్లవాడికి చేత్తో తాకి తెలుసుకునే సంగతి అయ్యింది. బిడ్డ దొంగతనం చేస్తున్నాడంటే, పోగొట్టుకున్నదాన్ని వెతుక్కునే ఆశ ఇంకా చావలేదని అర్థం, అని 1956లో విన్నికాట్ చెప్పిన సిద్ధాంతానికి మూలాలు ఈ అనుభవాల్లోనే ఉన్నాయి.

యుద్ధం ముగిసే నాటికి ఒక విషాదం దేశాన్ని కుదిపింది. 1945 జనవరిలో, ష్రాప్‌షైర్‌లో పెంపకానికి ఇచ్చిన ఇంట్లో 12 ఏళ్ల అబ్బాయి దెబ్బలకు, ఆకలికి చనిపోయాడు. ఆ తర్వాత పిల్లల సంరక్షణపై మైరా కర్టిస్ అధ్యక్షతన వేసిన కమిటీ ముందు క్లేర్, విన్నికాట్ ఇద్దరూ సాక్ష్యం చెప్పారు. 1948లో పిల్లల చట్టం వచ్చింది.

అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని స్టాండ్‌లేక్‌లో బార్బరా డాకర్-డ్రైస్‌డేల్ మల్బరీ బుష్ బడిని తెరిచారు. ఇది ఇప్పటికీ నడుస్తోంది. ఏ బడీ పట్టలేని పసివాళ్లు ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు. కొందరు పైకి ఎంతో ముచ్చటగా మాట్లాడేవాళ్లు, మరుక్షణం ఎదుటివాడికి దెబ్బ తగిలిందన్న స్పృహ కూడా లేకుండా విరుచుకుపడేవాళ్లు. అపరాధ భావన కనిపించేది కాదు. ఆమె వాళ్లను గడ్డకట్టిన పిల్లలన్నారు. అమ్మ ఒడిలో ఉండాల్సిన దశలోనే బంధం తెగిపోయిందని, ఆ దశను మళ్లీ మొదటి నుంచి బతకనివ్వాలని ఆమె నమ్మకం. అందుకు ఎంచుకున్న ఉపాయం చాలా చిన్నది. ఒక్కొక్క బిడ్డకు ఒక్కరే పెద్దమనిషి, రోజూ ఒకే వేళకు, వాడికి మాత్రమే చెందిన ఒక చిన్న పదార్థమో పనో తప్పకుండా అందివ్వాలి. ఈ పని ఎలా విఫలమవుతుందో పిల్లల్ని పెంచినవాళ్లందరికీ తెలుసు: ఒక రోజు ఇచ్చి మర్నాడు మరిచిపోతే, అసలు ఇవ్వకపోవడం కంటే ఎక్కువ చెడుపు చేస్తుంది.

అమెరికాలో ఇదే ఆలోచనను ఐకార్న్ శిష్యుడు ఫ్రిట్జ్ రెడ్ల్ నాటాడు. 1946లో డెట్రాయిట్‌లో తెరిచిన పయనీర్ హౌస్ డబ్బుల్లేక రెండేళ్లు నిండకుండానే మూతపడింది. కానీ గొడవ జరిగిన చోటే, జరిగిన వెంటనే పిల్లవాడితో మాట్లాడే పద్ధతి అక్కడే రూపుదిద్దుకుంది. 1969లో ఆల్బర్ట్ ట్రీష్‌మన్, జేమ్స్ విటేకర్, లారీ బ్రెండ్ట్రో కలిసి రాసిన పుస్తకం పేరు 'మిగతా 23 గంటలు'. డాక్టరుతో గడిపే ఒక్క గంటే కాదు, నిద్ర లేవడం, పళ్లు తోముకోవడం, అన్నం, ఆటలు, పడుకోబోయే ముందు వచ్చే భయం, ఇవన్నీ వైద్యంలో భాగమే అన్నది దాని సారం.

ఈ చరిత్రలో చీకటి పుటలూ ఉన్నాయి, వాటిని దాటవేయకూడదు. లేన్ సంస్థ 1918లో మూతపడింది అక్కడి అమ్మాయిలు ఆయనమీద చేసిన ఆరోపణలతోనే. షికాగోలో 1944 నుంచి 1973 దాకా ఆర్థోజెనిక్ స్కూలును నడిపి, ఎంతో కీర్తి పొందిన బ్రూనో బెటెల్‌హైమ్ 1990లో చనిపోయాక, ఆయన తమను కొట్టేవాడని, అవమానించేవాడని కొందరు పూర్వ విద్యార్థులు చెప్పారు. ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో 1983 నుంచి 1989 వరకు, మాట వినని పిల్లల్ని బడికి పంపకుండా గదిలో రోజుల తరబడి ఒంటరిగా ఉంచడం ఒక పద్ధతిగా సాగింది. 1991లో విచారణ నివేదిక దాన్ని బట్టబయలు చేసింది. పేరులో వైద్యం ఉన్నంత మాత్రాన బిడ్డ క్షేమంగా ఉన్నట్టు కాదు. బయటి కళ్లు లేని ఇల్లు ఎంత మంచివాళ్ల చేతిలో ఉన్నా నాకు నమ్మకం కలగదు. 2016లో పలు దేశాల పరిశోధకులు ఈ పద్ధతిపై కలిసి ప్రకటించిన సూత్రాల్లో మొదటిది బిడ్డకు హాని చేయకపోవడం.

మన దగ్గర 2015 బాలల న్యాయ చట్టం, పిల్లల్ని సంస్థల్లో ఉంచడం అన్ని దారులూ మూసుకుపోయాకే జరగాలంటుంది. అది సరైన మాటే. ఆ చివరి దారికి చేరిన పిల్లలు తెలుగు రాష్ట్రాల్లో బాలసదనాలకు, శిశుగృహాలకు వస్తారు. వాళ్ల కోసం కౌన్సెలర్ రావడం అవసరమే, కానీ రాత్రి ఉలిక్కిపడి లేచిన పిల్ల దగ్గరికి మొదట పరుగెత్తేది ఆయమ్మ. అన్నం తినకుండా మూల కూర్చున్నవాణ్ణి ముందు గమనించేది వంటమనిషి. వాళ్లకు ఈ పనిలో తగిన శిక్షణ ఇవ్వాలి. ఒక పిల్లవాడికి ఏళ్ల తరబడి అదే మనిషి కనిపించేటట్టు వాళ్లకు ఉద్యోగ భద్రత, చాలినంత జీతం ఉండాలి. పిల్లలు తమలో రేపే కోపాన్ని వాళ్లు కూడా ఎవరితోనైనా చెప్పుకునే వీలుండాలి. కొత్త భవనానికి నిధులడిగే ప్రతిపాదనలో ఈ మూడింటికి ఎంత కేటాయించారన్నది నేనైతే మొదట చూస్తాను.