రేపు బండి లేదు

కియోటో స్టేషన్. ఆగస్టు. మధ్యాహ్నం మూడున్నర. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నెత్తిమీద బోర్డులో ఎర్రటి అక్షరాలు పరుగెడుతున్నాయి: రేపు తుఫాను వల్ల టోక్యో, నగోయా మధ్య షింకాన్సెన్ బుల్లెట్ రైళ్లు నడవవు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఒక్కటి కూడా.

రేపు రాత్రి టోక్యో దగ్గరి నరితా విమానాశ్రయంలో మీ విమానం. మీ జపాన్ రైల్ పాస్‌కి కూడా రేపే ఆఖరి రోజు.

"ఎండ కాస్తోంది కదా నాన్నా, తుఫానేంటి?" అంటుంది అమ్మ, సూట్‌కేసు మీద చెయ్యేసి.

ఆమె అడిగిందీ న్యాయమే. కానీ ఇక్కడ గాలి మొదలయ్యేదాకా ఆగరు. జనం దారి మధ్యలో చిక్కుకోకూడదని ముందురోజే చెప్పి ఆపేస్తారు. 2024 ఆగస్టు 16న ఆంపిల్ తుఫానుకీ ఈ దారినే రోజంతా మూసేశారు. తుఫాను ఊసెత్తగానే రద్దయిన బండ్ల జాబితా వెతుక్కునే శ్రీకాకుళం, విశాఖ వాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

పాస్‌కి మీరు పోసింది ఏడు రోజులకి 50,000 యెన్లు. బండి రద్దయిందని ఇంకో రోజు కలపరు, డబ్బూ తిరిగివ్వరు. కౌంటర్ ముందు మెలికలు తిరిగిన క్యూలో చాలామంది టికెట్ డబ్బు వెనక్కి తీసుకోడానికి నిలబడ్డారు. ఆ క్యూతో మీకు పని లేదు. మీకు కావాల్సింది కదిలే బండి.

మెషీన్ దగ్గరికి నడవండి. పాస్ పెట్టి, పాస్‌పోర్టు నంబరు కొట్టండి. మీ పాస్ చెల్లే, టోక్యో వెళ్లే హికారి బండ్లు వరసగా వస్తాయి. సున్నా ఉంటే సీట్లున్నట్టు, త్రిభుజం ఉంటే కాసినే ఉన్నట్టు, ఇంటూ గుర్తు ఉంటే లేనట్టు.

ఇంటూ. ఇంటూ. ఇంటూ.

పాస్ మీద ఇంకా వేగంగా వెళ్లే నొజోమి బండి ఎక్కాలంటే మనిషికి అదనంగా దాదాపు 5,000 యెన్లు. సరే, కడదాం అనుకున్నా, అవీ ఇంటూలే. రిజర్వేషన్ లేని పెట్టెలు? ఆ వరస ప్లాట్‌ఫాం దాటి మెట్ల మీదికి వచ్చేసింది. రెండు గంటల నలభై నిమిషాలు నిలబడితే అమ్మ మోకాళ్లు ఊరుకోవు.

వేలు స్క్రీన్ మీదే ఉంది. వెనకాల ఎవరో దగ్గారు.

తుఫాను వస్తున్నది పసిఫిక్ వైపు. దానికి అవతల, జపాన్ సముద్రం వైపు, ఇంకో షింకాన్సెన్ ఉంది. హొకురికు. 2024 మార్చి 16 నుంచి అది త్సురుగా దాకా వస్తోంది. ఇక్కణ్ణుంచి త్సురుగాకి థండర్‌బర్డ్ ఎక్స్‌ప్రెస్‌లో గంట లోపే. అక్కడ బండి మారితే కనజవా, తొయామా, నగానో మీదుగా టోక్యో. చుట్టుదారే. కానీ మామూలు టికెట్ వాళ్లు మళ్లీ జేబు తడుముకోవాలి, మీకు పైసా ఖర్చు లేదు. నన్నడిగితే, ఆ 50,000 ఈ ఒక్క సాయంత్రం కోసమే కట్టారనుకోండి.

థండర్‌బర్డ్: త్రిభుజం. నొక్కండి. మీకొకటి, అమ్మకొకటి. త్సురుగా నుంచి టోక్యోకి కగయకి బండి: ఇంటూ. అదే దారిలో వెళ్లే హకుతక బండిలో రిజర్వేషన్ లేని పెట్టెలున్నాయి. దాన్ని పట్టుకోవాలి.

థండర్‌బర్డ్ బయల్దేరింది. కుడివైపు కిటికీలో బివా సరస్సు. నీళ్లు నల్లబడుతున్నాయి. పట్టాల పక్క చెట్లు ఊగుతున్నాయి. బండి నెమ్మదించింది. హిరా కొండల మీంచి గాలి దిగితే ఈ లైను మీద బండ్లు ఆపేస్తారు.

ఆగింది.

స్పీకర్లో జపనీస్. ఒక్క ముక్కా అర్థం కాదు. అమ్మ మీ మొహంలోకి చూస్తోంది. రెండు నిమిషాలు. ఐదు. ఒక కుదుపు. కదిలింది.

త్సురుగా. మారడానికి ఎనిమిది నిమిషాలుండాలి. మూడే మిగిలాయి. మీరు దిగింది కింది అంతస్తు. షింకాన్సెన్ మూడో అంతస్తు. ఎస్కలేటర్. సూట్‌కేసు ముందు. అమ్మ చెయ్యి వదలకండి. రెండో అంతస్తులో గేటు. పాస్ దూర్చండి. అవతల పాస్ తీసుకోండి. తీసుకున్నారా? ఇంకో ఎస్కలేటర్. తలుపులు తెరిచే ఉన్నాయి. ఎక్కండి.

ఇది ఇక్కడే బయల్దేరే బండి, అందుకే ఇంకా సీట్లు మిగిలాయి. అమ్మ కూలబడి, "టోక్యోకేనా?" అంటుంది.

"టోక్యోకే అమ్మా."

ఫోన్ తియ్యండి. ముందు ఈ రాత్రికి గది. తర్వాత, రేపు విమానం ఎగురుతుందో లేదో.