వడ్రంగి సూత్రం – యంత్రపు హద్దు

సంస్కృతంలో 'సూత్రధారుడు' అన్న మాటకు నాటక ప్రయోక్త అనే కాక వడ్రంగి అనే అర్థమూ ఉంది. కొలదారం పట్టినవాడే కొయ్యపనికి సూత్రధారుడు. దూలంపై మొదటి గీత తిన్నగా పడితే తక్కిన పనికంతటికీ అదే ఆధారం. యంత్రాలు వచ్చిన తరువాత ఆ దారం ఎవరి చేతిలో ఉన్నదన్నది విచారింపదగిన విషయం.

ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ నౌకాశాలలో 1802–1806 మధ్య మార్క్ బ్రూనెల్ రూపకల్పన చేసి, హెన్రీ మాడ్స్‌లే నిర్మించిన యంత్రాలు ఓడలకు కావలసిన కొయ్య కప్పీలను తయారుచేశాయి. 1808 నాటికి ఉత్పత్తి ఏటా 1,30,000కు చేరింది. 110 మంది నిపుణులు చేసే పనిని 10 మంది సాధారణ కార్మికులు నెరవేర్చగలిగారు. ఉత్పత్తి పెరిగింది, చేతి నైపుణ్యానికి అక్కడ చోటు తగ్గింది.

తరువాతి మలుపు అమెరికాలో వచ్చింది. హెలికాప్టర్ రెక్కల వంపులను సంఖ్యలలో నిర్దేశించేందుకు జాన్ పార్సన్స్ చేసిన కృషి ఫలితంగా, అంకెల ఆజ్ఞలతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని 1952లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ప్రదర్శించింది. లోహపు పనికై పుట్టిన ఆ పద్ధతే కాలక్రమాన సి.ఎన్.సి. రౌటర్ రూపంలో కొయ్యపనిలోకి ప్రవేశించింది.

అయితే ఈ యంత్రానికీ ఒక హద్దుంది. 8 అడుగుల బల్ల గల రౌటర్‌పై 10 అడుగుల పలకను ఒక్కసారిగా చెక్కడం సాధ్యం కాదు. అందుచేత పలక అంచున, తరువాత కోసివేసే భాగంలో, నిర్ణీత దూరంలో రంధ్రాలు తొలుస్తారు. మొదటి భాగం పూర్తయ్యాక పలకను ముందుకు జరిపి, ఆ రంధ్రాలను బల్లపై బిగించిన మేకులలో కూర్చి, రెండవ భాగం చెక్కుతారు. మేకుల మధ్య ఎడం ఒక మీటరై, వాటిలో ఒకటి అర మిల్లీమీటరు పక్కకు తప్పితే, రెండు మీటర్ల దూరాన గీత ఒక మిల్లీమీటరు తొలగుతుంది. రెండు చెక్కడాల నడుమ రోజులు గడిస్తే, కలప తేమను పీల్చి అడ్డంగా ఉబ్బవచ్చు. తేమను వదలి కుదించుకుపోవచ్చు. అప్పుడు అంకె తప్పకపోయినా అతుకు తప్పుతుంది.

ఆ రంధ్రాల వరుసే నేటి కొలదారం. యంత్రం అంకెను ఎరుగును గాని కొయ్య స్వభావాన్ని ఎరుగదు. కనుక శిక్షణాలయాలలో యంత్రాన్ని నడపడంతోపాటు మూలమట్టం, చిత్రిక, కలప గుణం కూడా నేర్పితేనే పనివాడు మీట నొక్కే మనిషిగా మిగిలిపోక సూత్రధారుడుగా నిలుస్తాడు.