ఆరియోమైసిన్ నుండి కోలిస్టిన్ దాకా

నర్సింగ్ హోమ్ అనగానే గుడివాడలోనైనా, మచిలీపట్నంలోనైనా మనకు స్ఫురించేది కొద్దిపాటి మంచాలుగల ప్రైవేటు ఆసుపత్రి. పాశ్చాత్య దేశాలలో ఈ పేరు మంచం పట్టిన వృద్ధులను కనిపెట్టుకొని ఉండే గృహాలకు చెల్లుతున్నది. అర్థాలు వేరైనా రెండుచోట్లా వైద్యులను వేధిస్తున్న సమస్య ఒక్కటే: మందులకు లొంగని సూక్ష్మజీవులు. ఈ చరిత్ర మొదటి ఘట్టాలలో ఒకటి తెలుగువాని నాయకత్వాన నడిచిన పరిశోధనాలయంలో జరిగినది.

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు అధిపతిగా ఉండగా, బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు అక్కడ మట్టి నమూనాలను పరీక్షిస్తుండేవాడు. అప్పటికే ఆయనకు డెబ్బై దాటినవి. 1945లో మిస్సోరీ నుండి వచ్చిన మట్టిలో బంగారు వన్నెగల సూక్ష్మజీవి ఒకటి కనిపించినది. అది తయారుచేసే పదార్థమే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. 1948 జూలైలో దానిని లోకానికి ప్రకటించారు. మరుసటి నెలలోనే సుబ్బారావుగారు కన్నుమూశారు.

తరువాతి కథను ఆయన చూడలేదు. అదే సంస్థలో థామస్ జూక్స్ ఈ మందు తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లల మేతలో కలిపి చూచాడు. పిల్లలు త్వరగా పెరిగినవి! 1950 మొదలు, జబ్బులేని జంతువులకుకూడ యాంటిబయోటిక్కు మేత అయినది. నాలుగు దశాబ్దాల తరువాత దివిసీమ ఉప్పునేలలలో రొయ్యల చెరువులు వెలసినవి. మన దేశపు రొయ్యలలో మందుల అవశేషాలున్నవని విదేశాలు సరుకును త్రిప్పిపంపిన సంగతి పాఠకులు వినే ఉంటారు.

మందు తగిలినచోట బలహీనమైన సూక్ష్మజీవులు చచ్చి, తట్టుకొనగలవి మిగులుతవి. ఇది ఊహించదగినదే. ఊహకందనిది 1959లో జపానులో బయటపడినది. జిగట విరేచనాలు కలిగించే షిగెల్లా, మన ప్రేగులలో ఉండే ఎషెరిషియా కోలై నుండి నాలుగు మందులను ఎదిరించే శక్తిని ఒకేసారి, మూటగట్టినట్లు, పొందుతున్నది. సంతానానికి మాత్రమే రావలసిన ఆస్తి ఇరుగుపొరుగుకు పోతున్నదన్నమాట.

ఈ పంపకానికి రోగి పడకకంటె అనువైన చోటు లేదు. మూత్రనాళంలో గొట్టం, వీపున పడక పుండ్లు, మరల మరల వాడిన మందులు, ఒక మంచం నుండి మరొక మంచానికి పోయే చేతులు. 2008లో, న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడను చేరిన ఒక రోగి మూత్రంలో, గట్టి మందులైన కార్బపెనెములకుకూడ లొంగని క్లెబ్సియెల్లా కనిపించినది. అదే జన్యువు ఆ రోగి ప్రేగులలోని ఎషెరిషియా కోలైలోనూ దొరికినది.

ఇక మిగిలినది కోలిస్టిన్. మూత్రపిండాలకు చెరుపు చేస్తుందని వైద్యులు ఒకప్పుడు ప్రక్కన పెట్టిన పాత మందిది. దానినీ కోళ్ల మేతలో కలిపారు! 2019లో భారత ప్రభుత్వం ఆహార జంతువులకు దాని వాడకాన్ని నిషేధించినది.

రోగి మూత్రంలోని సూక్ష్మజీవిని పరీక్షాశాలలో పెంచి, ఏ మందు పనిచేయునో తేల్చడానికి రెండు మూడు రోజులు కావాలి. అంతవరకు వైద్యుడు ఊహమీదనే మందు ఇవ్వవలసి ఉన్నది.