సరమ మొర, ధర్మరాజు మాట

మేలు మరచినవానిని చూచి, కుక్కకున్న విశ్వాసమైనా వీనికి లేదని తెలుగువారు అంటారు. అదే నోటితో కుక్క కాటుకు చెప్పు దెబ్బ అనీ అంటారు. ఎవరినైనా కించపరచదలచితే కుక్క అన్న మాటనే తిట్టుగా వాడుతారు. మన మహాభారతం మాత్రం ఈ ప్రాణికి ఎంతో గౌరవమైన స్థానమిచ్చింది. ఆ మహాగ్రంథం తొలి కథలలో ఒక కుక్క ఉన్నది, తుది కథలలో మరొక కుక్క ఉన్నది.

11వ శతాబ్దంలో రాజమహేంద్రవరాన, రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయ భట్టారకుడు భారతాన్ని తెనిగించడం ప్రారంభించాడు. ఆదిపర్వం ప్రథమాశ్వాసంలోనే సరమ కథ వస్తుంది. సరమ దేవతల కుక్క. జనమేజయ మహారాజు కురుక్షేత్రంలో యాగం చేస్తూండగా సరమ కొడుకైన సారమేయుడు అక్కడికి వెళ్లాడు. రాజు తమ్ములు ఆ పసికూనను కొట్టారు. పిల్ల ఏడుస్తూ తల్లిని చేరింది. సరమ ఎవరినీ కరవలేదు. నేరుగా రాజు ఎదుటకు వచ్చి, ఏ తప్పూ చేయని తన బిడ్డను కొట్టారని మొరపెట్టుకొన్నది. మంచిచెడ్డలు విచారించక నిరపరాధులను బాధించేవారికి అనుకోని ఆపదలు తప్పవని హెచ్చరించి వెళ్లిపోయింది. జనమేజయుడు కలత చెంది, ఆ దోషానికి శాంతి చేయగల పురోహితుని వెదకి సోమశ్రవసుని తెచ్చుకొన్నాడు.

13వ శతాబ్దంలో నెల్లూరి తిక్కన సోమయాజి విరాటపర్వం మొదలుకొని చివరి వరకు 15 పర్వాలు రచించాడు. వాటిలో మహాప్రస్థానిక పర్వం ఒకటి. రాజ్యం విడిచి ద్రౌపదితో కూడి పాండవులు నడచిపోతుండగా ఒక కుక్క వారి వెంట బయలుదేరింది. దారిలో ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా పడిపోయారు. ధర్మరాజు వెంట చివరకు మిగిలినది ఆ కుక్క ఒక్కటే. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమన్నాడు. కుక్కకు స్వర్గంలో చోటు లేదన్నాడు. నన్ను నమ్మి ఇంత దూరం వచ్చిన దానిని నా సుఖం కోసం విడువలేనని ధర్మరాజు సమాధానం చెప్పాడు. అప్పుడు ఆ కుక్క యమధర్మరాజుగా నిజరూపం చూపింది.

గ్రంథంలో సరమ కథ ముందు వస్తుంది, ధర్మరాజు కథ తరువాత వస్తుంది. జరిగిన వరుస మాత్రం దీనికి తలక్రిందులు. జనమేజయుడు అర్జునునికి మునిమనవడు. అంటే ఒక కుక్క కోసం స్వర్గాన్నే వద్దన్న వంశంలో, కొన్ని తరాలకే, కుక్కపిల్లను ఊరకే కొట్టిన కుర్రవారు పుట్టారన్నమాట. దయ రక్తంతో రాదు. ప్రతి తరానికీ మళ్లీ నేర్పవలసినదే. సర్పయాగ సమయంలో వైశంపాయనుడు భారతమంతా వినిపించినది ఈ జనమేజయునికే. తన ఇంటి పెద్ద కుక్కను విడువని కథను ఆయన కూర్చుని వినవలసి వచ్చింది.

సరమ మొర మా వంటి కుటుంబాలకు పరాయి కథ కాదు. మేము నేటాలు చెరకుతోటలకు ఒప్పందపు కూలీలుగా వెళ్లినవారి సంతతి. మద్రాసు నుండి ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో ఆ పద్ధతి ఆగేలోగా 1,52,184 మంది భారతీయులు నేటాలుకు తరలివెళ్లారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. ఓడ పట్టికలో ప్రతి మనిషికీ ఒక సంఖ్య కేటాయించారు. కూలి అంటే మన భాషలో శ్రమకు దక్కే వేతనం. నేటాలులో అది మనుషులను తిట్టే మాట అయింది.

1871లో స్వదేశానికి తిరిగివచ్చిన కొందరు కూలీలు, తమను కొట్టారనీ, జీతాలు సరిగా ఇవ్వలేదనీ అధికారులకు మొరపెట్టుకొన్నారు. ఫలితంగా 1872లో నేటాలులో విచారణ సంఘం ఏర్పడింది. భారతీయ వలసదారుల రక్షకుడు అనే అధికారిని నియమించారు. అప్పటికే ఆగి ఉన్న వలస 1874లో గాని తిరిగి మొదలు కాలేదు. ఆ పదవి వలన కష్టాలన్నీ తీరలేదు. అయినా దెబ్బతిన్నవారి మాట కొలువులో వినబడడం చిన్న విషయం కాదు. కొట్టకపోవడం దయ. మొర వినడం, దానికి జవాబుదారీ కావడం మర్యాద. సరమ జనమేజయుని నుండి కోరినది ఈ రెండవదానినే.

నేడు ఆష్‌బర్న్‌లో మన స్థానం మారింది. మనకు ఇళ్లున్నాయి, మాట చెల్లుతుంది. మన ఎదుట నోరులేని ప్రాణి నిలిచినప్పుడు రాజు స్థానంలో ఉన్నది మనమే. పాత రైలుమార్గం మీద వేసిన డబ్ల్యూ అండ్ ఓడీ బాట మన ఊరి మీదుగానే పోతుంది. సాయంకాలం అక్కడ నడిచే పిల్లలకు కుక్కలే పాఠం చెబుతాయి. ముందు యజమానిని అడగాలి. తరువాత చేయి చాచి, కుక్క వాసన చూచే వరకు ఆగాలి. అది తల తిప్పుకొంటే చేయి వెనక్కు తీసుకోవాలి. ఇతరుల ఇష్టాన్ని అడిగి తెలుసుకొనడమనే ఈ అలవాటు బడిలోనూ, ఇంటిలోనూ, పనివారితోనూ పనికివస్తుంది. ఊరిలో కుక్కలను చూచి భయపడుతూ పెరిగిన అవ్వలు, తాతలు కూడా మన ఇళ్లలో ఉన్నారు. వారి భయాన్ని పరిహసించకుండా కుక్కను కాస్త దూరంగా పట్టుకొనడం కూడా మర్యాదయే.

పగలు ఇంగ్లీషు బడి, సాయంకాలం తెలుగు తరగతి. మేము ఈ భాషను నేర్చుకొన్నది ఆ విధంగానే. ఎవరో కూర్చుని చెప్పకపోతే అది మా వరకు వచ్చేది కాదు. అందుచేత తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఈ రెండు కథలనూ ఒకే రాత్రి పిల్లలకు చెప్పండి. ముందు ధర్మరాజు కథ, తరువాత సరమ కథ. అంతటి తాతకు ఇటువంటి మనవలు ఎలా పుట్టారని పిల్లలే అడుగుతారు. ఆ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకండి. వారితో కలిసి కాసేపు ఆలోచించండి.