జీవప్రేరిత కృత్రిమ మేధ: తెలుగు విద్యార్థుల తరగతిగదికి అది చేరిన దారి

ఉపోద్ఘాతం

మెదడు, జన్యువు, చీమలబారు వంటి జీవవ్యవస్థల పనితీరును ఆధారం చేసుకొని యంత్రానికి మేధను సమకూర్చే ప్రయత్నాన్ని జీవప్రేరిత కృత్రిమ మేధ అంటారు. విశ్వవిద్యాలయ స్థాయిలో తెలుగు విద్యార్థులకు ఈ విద్య ఏ దారిన అందిందో, ఆ దారి దాని స్వరూపాన్ని ఎలా మార్చిందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. పేరులో జీవం ఉన్నా ఈ శాస్త్రం జీవశాస్త్ర విభాగాల గుండా మన వద్దకు రాలేదు. వాక్కును గుర్తించే పరిశోధన ద్వారాను, విద్యుత్ ఇంజనీరింగ్ ద్వారాను వచ్చింది. నేటి పాఠ్యప్రణాళికల్లో కనిపించే ఒక లోటుకు మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ప్రపంచ నేపథ్యం

ఈ కథ అందరికీ తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. 1943లో మెకలక్, పిట్స్ నాడీకణాన్ని తార్కిక గణన యూనిట్‌గా ఊహించారు. 1958లో మనస్తత్వ శాస్త్రవేత్త రోజెన్‌బ్లాట్ పర్సెప్ట్రాన్‌ను ప్రకటించాడు. 1969లో మిన్‌స్కీ, పాపర్ట్ దాని పరిమితులను గణితపరంగా నిరూపించాక ఆసక్తి సన్నగిల్లింది. 1982లో హాప్‌ఫీల్డ్, 1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ ప్రచురించిన పరిశోధనలతో అది తిరిగి చిగురించింది. హాప్‌ఫీల్డ్, హింటన్‌లకు 2024లో దక్కిన నోబెల్ బహుమతి భౌతికశాస్త్రంలోనిది కావడం గమనార్హం.

వాక్కు చూపిన మార్గం

ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన దబ్బల రాజగోపాల్ (రాజ్) రెడ్డి గిండీలో ఇంజనీరింగ్ చదివి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ వద్ద డాక్టరేట్ పొందారు. 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ రూపొందిన ‘హియర్‌సే’ వ్యవస్థలో ధ్వని, పదం, వాక్యం వంటి స్థాయిల జ్ఞానం ఒకే ‘నల్లబల్ల’పై పరస్పరం సహకరించుకుంటుంది. ఇది నాడీకణాల అనుకరణ కాదు, సంకేతాల మార్గం. 1994లో ఫైగెన్‌బామ్‌తో కలిసి ఆయన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. అయితే మనిషి అప్రయత్నంగా చేసే వినికిడి యంత్రానికి ఎందుకంత కష్టమన్న ప్రశ్నను ఆయన కృషి తీవ్రంగా ముందుకు తెచ్చింది.

ఆ ప్రశ్నను నాడీజాలాల వైపు నడిపించినవారిలో ఆచార్య బి. యజ్ఞనారాయణ ముఖ్యులు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చదివి, అక్కడే బోధించి, 1977-80 మధ్య కార్నెగీ మెలన్‌లో సందర్శక ఆచార్యులుగా ఉన్నారు. 1980 నుండి 2006 వరకు ఐఐటీ మద్రాసులోను, ఆపై హైదరాబాదు ట్రిపుల్ ఐటీలోను పనిచేశారు. 1999లో వెలువడిన ఆయన గ్రంథం ‘ఆర్టిఫిషియల్ న్యూరల్ నెట్‌వర్క్స్’ ఈ చరిత్రలో కీలకమైనది. అందులో మొదట చర్చకు వచ్చేది నాడీకణం కాదు, దత్తాంశానికీ ఆకృతికీ మధ్య ఉన్న భేదం. యంత్రం అంకెలను చూస్తుంది, మనిషి ఆకృతిని చూస్తాడు. ఎరిగినవారి గొంతును ఫోనులో ఒక్క మాటతో పోల్చుకునే మనకు ఈ భేదాన్ని వేరే వివరించనక్కరలేదు.

2002లో ఎస్.పి. కిశోర్‌తో కలిసి ఆయన ప్రచురించిన స్వయంసహచర నాడీజాలాల పరిశోధన ఇదే ఆలోచనకు ఆచరణరూపం. ఒక వ్యక్తి గొంతునుండి తీసిన లక్షణాలను జాలానికి ఇచ్చి, వాటినే తిరిగి ఇమ్మని శిక్షణనిస్తారు. మధ్యపొర ఇరుకుగా ఉండడంవల్ల ఆ గొంతు సారాన్ని మాత్రమే అది పట్టుకోగలదు. వేరొకరి గొంతు వినిపిస్తే తిరిగి వచ్చేది తప్పుతుంది. ఆ తప్పు పరిమాణమే వక్తను గుర్తించే కొలత అవుతుంది. నేడు ‘ఆటోఎన్‌కోడర్’ పేరుతో బోధించేది ఈ కుటుంబపు నిర్మాణాన్నే.

విద్యుత్ విభాగపు గది

రాయలసీమకు వద్దాం. అనంతపురం ఇంజనీరింగ్ కళాశాల 1946లో గిండీ ఆవరణలోనే మొదలై, 1948లో అనంతపురానికి తరలింది. 2008లో జేఎన్‌టీయూ విభజనతో అది జేఎన్‌టీయూ అనంతపురానికి కేంద్రమైంది. 2000ల దశకపు జేఎన్‌టీయూ పాఠ్యప్రణాళికలో ‘న్యూరల్ నెట్‌వర్క్స్ అండ్ ఫజీ లాజిక్’ విద్యుత్, ఎలక్ట్రానిక్స్ విభాగపు చివరి సంవత్సర పాఠ్యాంశంగా కనిపిస్తుంది. విద్యుత్ వ్యవస్థలో లోడ్‌ను అంచనా కట్టడం, మోటారు వేగాన్ని నియంత్రించడం వంటి అవసరాలే దానిని అక్కడికి చేర్చాయి. దాంతో జీవశాస్త్రం మొదటి యూనిట్‌లో ఒక బొమ్మకు పరిమితమైంది: డెండ్రైటు, ఆక్సాను, సినాప్సు, కింద రెండు మార్కుల ప్రశ్న. తరువాతదంతా భారాల సవరణే.

మాట విషయంలోనూ ఒక చిక్కుంది. తెలుగులో ‘నాడి’ అనగానే మణికట్టు వద్ద వైద్యుడు చూసేది గుర్తుకొస్తుంది. ‘నాడీజాలం’ అన్న అనువాదాన్ని బొమ్మలేకుండా చదివిన విద్యార్థి రక్తనాళాల వైపు వెళ్లినా ఆశ్చర్యంలేదు.

ఈ దారికి ఎదురు నడిచిన ఉదాహరణ ఆచార్య వి. శ్రీనివాస చక్రవర్తి. ఐఐటీ మద్రాసులో ఆయన స్థానం జీవసాంకేతిక విభాగం. మెదడులోని బేసల్ గాంగ్లియాకు గణన నమూనాలు నిర్మించి, పార్కిన్సన్ వ్యాధిలో కదలిక ఎందుకు దెబ్బతింటుందో పరిశోధిస్తున్నారు. ఇక్కడ జీవశాస్త్రం బొమ్మ కాదు. నమూనా సరైనదో కాదో తేల్చవలసింది అదే. ఆయన తెలుగులోనూ విజ్ఞానరచనలు చేశారు.

2019లో ఐఐటీ హైదరాబాదు దేశంలో తొలిసారిగా కృత్రిమ మేధలో బీటెక్‌ను 20 సీట్లతో ప్రారంభించింది. తరువాత ఇలాంటి కోర్సులు జిల్లా కళాశాలల వరకు వ్యాపించాయి. నల్లమాడ నుండి చదువుకు బయలుదేరే విద్యార్థికి పుట్టపర్తిలోని శ్రీ సత్యసాయి ఉన్నత విద్యాసంస్థ, అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం దగ్గరి కేంద్రాలు. రెండూ 1981లో విశ్వవిద్యాలయ స్థాయి పొందినవే. రెండింటిలోనూ జీవశాస్త్రాలూ కంప్యూటర్ శాస్త్రమూ ఉన్నాయి, విడివిడి విభాగాలుగా. జీవప్రేరితమని పేరు పెట్టుకున్న పాఠానికి ఆ రెండు విభాగాల అధ్యాపకులూ కలిసి ప్రశ్నపత్రం రాసిన సందర్భాలు ఎన్ని అన్నది పాత పాఠ్యప్రణాళికలు, ప్రశ్నపత్రాలు వెదికి తేల్చవలసిన సంగతి.